ఊరుకోవడం కూడా పనే



ఈ రోజు డాక్టర్లయిన మీరు పొద్దున తిన్న పెసరట్టు ఈపాటికి చిన్నపేగులో ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థ లెక్కలో అది పరాయి సరుకే. అందులోని ప్రోటీన్‌నే సూదితో చర్మం కిందకు ఎక్కిస్తే ఒళ్లు తిరగబడవచ్చు. నోటి దారిన వెళ్తే మాత్రం ఊరుకుంటుంది. చేతకాక కాదు. పేగు గోడలోని డెండ్రైటిక్ కణాలు ఆ ప్రోటీన్ ముక్కలను దగ్గరి లింఫ్ గ్రంథులకు మోసుకెళ్లి, విటమిన్-ఎ నుంచి తయారయ్యే రెటినాయిక్ ఆమ్లం సాయంతో రెగ్యులేటరీ టి కణాలను తయారు చేయిస్తాయి. తోటి టి కణాలను ఆపడమే వీటి ఉద్యోగం.

ఇలాంటి కణాలున్నాయని షిమోన్ సకగుచి 1995లో చూపించినప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ పుట్టుకతోనే జబ్బుపడే ఒక ఎలుకల జాతిని పట్టుకుని, తప్పు ఏ జన్యువులో ఉందో గాలించారు. అనుమానం 20 జన్యువుల మీద. 19 చూశారు, ఏమీ లేదు. ఇరవయ్యోదే ఫాక్స్‌పి3. అది 2001. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది గానీ, నాకు ఆ ఇరవయ్యోదాని దాకా ఆగిన ఓపికే ఎక్కువ నచ్చుతుంది. ఆపే కణాలు తయారవాలంటే ఆ జన్యువు కావాలి. అది చెడిన మగశిశువులకు నెలల వయసులోనే ఆగని విరేచనాలు, ఎగ్జిమా, మధుమేహం. ఆపేవాడు లేకపోతే పేగు ఏమవుతుందో ఆ పసివాళ్లను చూస్తే తెలుస్తుంది.

పేగు తిండిని చూసే ఓర్చుకోవడం నేర్చుకుంటుందన్న సంగతిని మన వృత్తి ఆలస్యంగా గ్రహించింది. అలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్లదాకా వేరుశనగ పెట్టొద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సలహా ఇచ్చింది. వినడానికి సబబుగానే ఉంది, రుజువే లేదు. లండన్‌లో అలాంటి 640 మంది పసివాళ్లను ఐదేళ్ల వయసుదాకా గమనించి, 2015లో ఫలితం చెప్పారు: తొలి ఏడాదిలోనే వేరుశనగ మొదలుపెట్టినవాళ్లలో ఆ అలర్జీ దాదాపు 80 శాతం తక్కువ. పేగుకు పరిచయమే కానివ్వకపోతే అది ఓర్చుకోవడం ఎలా నేర్చుకుంటుంది?

రేపు ఓపీలో ఒక అమ్మమ్మ మనవడిని చంకనెత్తుకొచ్చి, "పల్లీలు ఎప్పుడు పెట్టమంటావు డాక్టరమ్మా?" అంటుంది. ముందు పిల్లాడి చర్మం చూడండి. ఎగ్జిమా తీవ్రంగా ఉన్నా, గుడ్డు పడకపోయినా అలర్జీ పరీక్ష చేయించాకే పెట్టమనండి. లేదంటే ఆరో నెల నిండాక, అన్నప్రాశన కాగానే, మెత్తగా నూరి అన్నంలో కలిపి పెట్టమనండి. గింజ గింజగా మాత్రం వద్దు, గొంతుకు అడ్డం పడుతుంది.