సంవత్సర పురుషులు (కోటంరాజు రామారావు స్మారకోపన్యాసము)



కోటంరాజు రామారావుగారి పేర జరుగు ఈ ఉపన్యాసమునకు నన్నాహ్వానించిన నిర్వాహకులు విషయమును నా యిష్టమునకే విడిచిపెట్టిరి. చీరాలలో పుట్టి, 1938లో లక్నోనగరమున వెలసిన ‘నేషనల్ హెరాల్డు’నకు ప్రథమ సంపాదకుడై, యజమానుల యభిమతమునకును తన యంతరాత్మకును పొత్తు కుదరనపుడెల్ల రాజీనామా వ్రాసి బల్లపై పెట్టి వెడలిపోయిన ఆ మహనీయుని జీవితమును మీకు నేను వేరుగ చెప్పనక్కఱలేదు, ఆయన స్వీయచరిత్రమును చదివినవారు ఈ సభలో ననేకులున్నారు. జవాహర్‌లాల్ నెహ్రూ స్థాపించిన పత్రికకు సంపాదకత్వము వహించుట యనగా, వార్తలకెక్కు నాయకునికిని వార్త వ్రాయు కలమునకును నడుమ నుండవలసిన దూరము నెంతటి జాగరూకతతో కొలుచుకొనవలసి వచ్చునో యాయన యెఱుగును. కావున ఇరువదవ శతాబ్ది నడిమి దశాబ్దములలో లోకమును కదిలించిన నాయకులకు పత్రికాలోకమిచ్చిన గుర్తింపును, అందును అమెరికాలోని ‘టైమ్’ వారపత్రిక యేటేట ప్రకటించుచు వచ్చిన ‘సంవత్సర పురుషు’డను బిరుదమును నేటి విషయముగ నెన్నుకొంటిని.

ఆ పత్రికను 1923 మార్చిలో హెన్రీ లూస్, బ్రిటన్ హాడెన్ అను యువకు లిరువురు ప్రారంభించిన వైనము, హాడెన్ అకాలమరణము, అటుపిమ్మట నది లూస్ చేతిలో నొక సామ్రాజ్యముగ పెరిగిన తీరు మీరెఱిగినవే. బిరుదము పుట్టుకను గూర్చి మాత్ర మొక్కమాట చెప్పి సాగెదను. 1927 మే నెలలో లిండ్‌బర్గ్ ఒంటరిగ అట్లాంటిక్ మహాసముద్రమును విమానముపై దాటినపుడు పత్రికలన్నియు నాతని బొమ్మతో నిండిపోగా, ‘టైమ్’వారు మాత్ర మాతనిని ముఖచిత్రముగ వేయక విడిచిరి. ఏడాది చివర వార్తలకు కఱవైన వారమొకటి వచ్చెను. పాత లోపమును దిద్దుకొనుటకు ‘ఈయేటి మేటి మనిషి’ యను నెపమున ఆతనినే ముఖపత్రమున కెక్కించిరి. పత్రికా కార్యాలయములలో సంప్రదాయములు పెక్కు ఇట్లే పుట్టును. పుట్టిన కొన్నియేండ్లకు వానికి సిద్ధాంతములు సమకూర్పబడును. మంచికో చెడ్డకో ఆయేటి వార్తలను మిక్కిలిగ మార్చిన వ్యక్తి యెవరో వారికే యీ బిరుదమను సిద్ధాంతము అట్టిదే.

1928లో క్రైస్లర్, 1929లో ఓవెన్ యంగ్. ఇరువురును గొప్ప కంపెనీల యధిపతులు. వారిని గూర్చి నాకు చెప్పదగిన దేమియు లేదు. 1930 దగ్గఱ నిలిచెదను; నా పరిశోధన యంతయు నచ్చటనే యున్నది గనుక సభవారు ఓర్పు వహింపవలెను.

1931 జనవరి 5వ తేదీ సంచికపై ‘1930 సంవత్సర పురుషు’డుగ గాంధీమహాత్ముని రూపము వెలసెను. ఆనాటి కాయన యెరవాడ చెరసాలలో నుండెను. జనవరి 26వ తేదీ వఱకు విడుదల కాలేదు. ఒక ప్రభుత్వము ఖైదీగ లెక్కించి గోడల నడుమ బంధించిన మనిషిని, సముద్రముల కావలనున్న పత్రిక యొకటి ఆ యేడాదికెల్ల ముఖ్యునిగ లెక్కించినది. ఇది యెట్లు సంభవించెను?

ఆ ప్రశ్నకు సమాధానము మార్చి 2వ తేదీన మొదలగును. ఆనాడు వైస్రాయి ఇర్విన్ ప్రభువునకు వ్రాసిన లేఖను గాంధిగారు తపాలాపెట్టెలో వేయలేదు. ఆశ్రమమున నున్న రెజినాల్డ్ రెనాల్డ్స్ అను ఆంగ్లయువకుని చేతికిచ్చి ఢిల్లీకి పంపిరి. పోరాటము ఆంగ్లజాతితో కాదు, ఆంగ్లపాలనతోనేయని పది వ్యాసములు వ్రాసినను బోధపడని సంగతిని ఆ దూత యెన్నిక యొక్కటియే బోధించినది. మార్చి 12వ తేదీన సబర్మతి నుండి 78 మంది సత్యాగ్రహులతో బయలుదేఱిరి. ఆంధ్రదేశము పక్షమున యెర్నేని సుబ్రహ్మణ్యముగారు ఆ బృందమున నుండిరి. దండి 240 మైళ్ల దూరము. నడక 24 దినములు. రైలులో నొక్క రాత్రి ప్రయాణమునకు మించని దూరమది. నడచుటలోని మర్మమేమనగా, వార్త ప్రతిదినము పెరుగవలెను. ఏ గ్రామమున బస, ఏ చెట్టుక్రింద సభ, అన్నియు ముందుగనే ప్రకటితములు. విలేఖరి యుదయము నడకను చూచి, సాయంకాలము ప్రసంగము విని, టెలిగ్రాఫు ఆఫీసునకు పోయి వచ్చుటకు కావలసినంత వ్యవధి యుండెను. నడక యింకను సాగుచుండగనే, మార్చి 31వ తేదీ సంచికపై నొకమాఱు ‘టైమ్’ ఆయన చిత్రమును వేసినది.

ఇక ఉప్పు. కాంగ్రెసు పెద్దలలో పలువురకు మొదట ఆ యెన్నిక రుచింపలేదు. సైమన్ కమిషనన్నను, అధినివేశ ప్రతిపత్తియన్నను చికాగో నగరమున ఉపాహారము ముందు పత్రిక విప్పిన పాఠకునకు పది పంక్తుల వివరణము కావలసివచ్చును. ఉప్పునకు వివరణ మక్కఱలేదు. సముద్రపు టొడ్డున ప్రకృతి యూరక యిచ్చిన దానిని చేతితో తీసికొనుట నేరమని చట్టము చెప్పునన్న నొక్క వాక్యముతో వార్త పూర్తియగును.

మే 5వ తేదీ నడురాత్రి కరాడి గ్రామమున ఆయనను నిర్బంధించిరి. జనసమూహము గుమికూడునను భీతిచే రైలును బొంబాయికి రానీయక బోరివిలియొద్ద నిలిపి, మోటారులో పూనాకు కొనిపోయిరి. రైలు నిలిచిన చోటనే తెల్లవాఱుజామున నిరువురు విదేశ విలేఖరులు కాచియుండిరి. ప్రభుత్వము దాచదలచిన దృశ్యమే మఱునాటి లండను, చికాగో పత్రికల కెక్కినది.

మే 21వ తేదీన ధరాసన యుప్పుకొఠారులపై సత్యాగ్రహము జరిగెను. నాయకత్వము వహించినది హైదరాబాదు ఆడపడుచు సరోజినీదేవి. మణిలాల్ గాంధి ముందువరుసలో నుండెను. యునైటెడ్ ప్రెస్ విలేఖరి వెబ్ మిల్లర్ అచ్చట నుండి, తెల్లని ఖద్దరు ధరించిన సత్యాగ్రహులు వరుసగ ముందునకు నడచుటను, ఇనుపపొన్నులు వేసిన లాఠీలు వారి తలలపై పడుటను, దెబ్బను కాచుకొనుటకైన నొక్కరును చేయి యెత్తకుండుటను, ఒక వరుస పడిపోగనే మఱియొక వరుస లేచుటను కన్నులార చూచెను. గాయపడినవారిని చేర్చిన పాకలోనికి పోయి, తానే 320 మందిని లెక్కించెను, ఇరువురు మరణించిరి. ఆయన పంపిన తంతివార్తను అధికారులు మొదట నాపిరి. ఈ నిరోధమునే వార్తగ వ్రాసెదనని బెదరించిన పిమ్మట గాని అది కదలలేదు. కదలినది 1,350 పత్రికలలో వెలువడెను. సెనేటరు బ్లెయిన్ దానిని అమెరికా శాసనసభ చర్చల గ్రంథమున చేర్పించెను.

ఇచ్చట నొక వివాదమును ప్రస్తావింపక తప్పదు. గాంధిని లోకమునకు గాంధిగ చేసినవారు పాశ్చాత్య విలేఖరులే, మిల్లర్ వార్త లేకున్న ధరాసన గుజరాతు తీరమున నొక మాఱుమూల సంఘటనగ మిగిలెడిదని వాదించు విద్వాంసులు కొందఱు కలరు. వారితో నాకు చిరకాలముగ పోరు. ఈ వాదమునందు కర్త యెవరు, కరణ మెవరన్న వివేకము లోపించినది. 1903లో ‘ఇండియన్ ఒపీనియన్’ను చేపట్టిన నాటినుండి గాంధి వృత్తిచే పత్రికాసంపాదకుడు. ఫీనిక్సు ఆశ్రమమున ఇంజను మొరాయించిన మొదటి రాత్రి మనుషులచేత ముద్రణయంత్రమును త్రిప్పించి పత్రికను వేళకు వెలువరించినవాడు. గ్యాలీప్రూఫు నెఱిగినవాడు, సంచిక మూయు వేళ యెఱిగినవాడు, పంక్తి యెంత పొడవైన పాఠకుడు విసుగునో యెఱిగినవాడు. అట్టివానిని విలేఖరులు సృష్టించిరనుట, గృహస్థే స్వయముగ వంటవాడైన యింట అతిథులు వంట నేర్పిరనుట. దండికి చేరిన నాడే ప్రపంచ సానుభూతిని కోరుచు ఆయన వ్రాసిన సందేశము వారి వాదమునకు చాలిన సమాధానము. ఆ వాక్యమును వారెందుకో తమ గ్రంథములలో ఉదాహరింపరు.

దీనికి ప్రతిగ, ఆ బిరుదమునకు విలువయే లేదు, అది లూస్ గారి విలాసము మాత్రమేయని త్రోసిపుచ్చువారు మఱికొందఱు. వారితోను నేనేకీభవింపను. లూస్ చైనాలో క్రైస్తవ ప్రచారకుల బిడ్డగ జన్మించినవాడనియు, చియాంగ్ కై షేక్ దంపతులను 1937కు ‘సంవత్సర దంపతులు’గ ప్రకటించుటలో ఆ పాతమమత పనిచేసెననియు నొప్పుకొందును. అయినను 1930 నిర్ణయమును మమత చేయలేదు. ఆ పత్రిక గాంధిగారి కట్టును, శరీరమును వెక్కిరించు ధోరణిని విడువలేదు, వెక్కిరించుచునే గుర్తించినది. ఇష్టములేని చేతినుండి గుర్తింపును రాబట్టుటయే నా దృష్టిలో ఘనత. భారతదేశములోని ప్రభుత్వమో, ఏప్రిలులో పత్రికల యార్డినెన్సును తెచ్చి, జూలైలో నవజీవన ముద్రణాలయమును స్వాధీనపఱచుకొన్నది. బొంబాయి కంపెనీలు తీసిన దండియాత్ర చిత్రములను నిషేధించినది. (ఎ. కె. చెట్టియారుగారు దేశదేశములు తిరిగి ఇట్టి చిత్రశకలముల నేరితెచ్చి 1940లో మహాత్ముని జీవితచిత్రమును వెలువరించిరి. దానికి తెలుగు వ్యాఖ్యానము సైతము సమకూడినది. అది వేఱొక యుపన్యాసమునకు తగిన కథ.) వైస్రాయికి తెలిసిన విలువను మన విమర్శకులు తెలియమనుట వింతగ లేదా?

ఈ వివాదము అనుకొన్నదానికన్న పెరిగినది, క్షమింపవలెను.

1931కి ఫ్రాన్సు ప్రధాని లావల్ ఎంపికయ్యెను. 1945లో దేశద్రోహనేరమున ఆతనిని కాల్చిరి. 1935కి హైలె సెలాసీ; ముఖచిత్రము వెలువడిన నాలుగునెలలకే ఆడిస్ అబాబా ముసోలినీ సేనల వశమయ్యెను. 1938కి హిట్లరు. ఈ సంచికను సాకుగ గొని నేటికిని ‘నాజీనాయకుని సత్కరించిరి’ అని యాక్షేపించువారు దాని ముఖచిత్రమును చూడనివారు. నాజీల నిర్బంధ శిబిరమున హింసలనుభవించి వచ్చిన చిత్రకారుడు రుడాల్ఫ్ వాన్ రిప్పర్ దానిని లిఖించెను. మహాకాయమైన యార్గను వాద్యము. దాని ముందు చిన్న యాకారమున కూర్చుండి ద్వేషగీతమును వాయించుచున్న హిట్లరు. పైన తిరుగు చక్రమునకు వ్రేలాడుచున్న శవములు. ముఖము కనబడదు. సత్కార మిట్లుండునా?

1939లో స్టాలిను, 1940లో చర్చిలు. తరువాతి యెనిమిదేండ్లు నాకు నీరసముగ తోచును. రూజ్‌వెల్టు, మరల స్టాలిను, మార్షలు, ఐసెన్‌హోవరు, ట్రూమను, బర్న్స్, మరల మార్షలు, మరల ట్రూమను. యుద్ధము గెలిచిన దేశము తన సేనానులను, మంత్రులను, అధ్యక్షులను తానే వరించుకొన్న వరుస యిది. ఒక్కటి గమనింపుడు. 1947లో నలువది కోట్ల ప్రజ ఒక సామ్రాజ్యము నుండి విడివడినది. ఆ యేటి పురుషుడు అమెరికా విదేశాంగ మంత్రి మార్షలు. 1949లో ‘అర్ధశతాబ్ది పురుషు’డుగ చర్చిలును ప్రకటించిరి. గాంధీ మరణించి యప్పటి కింకను రెండేండ్లైనను నిండలేదు. ఆయనను అర్ధనగ్న ఫకీరని 1931లో నిందించిన వక్తకే యా పీఠము దక్కినది!

1951కి ఇరాను ప్రధాని మొసద్దెఖ్. చమురును జాతీయము చేసినందుకు పేరెక్కినాడు. 1953 ఆగస్టులో పదవీచ్యుతుడైనాడు. 1955 ఏప్రిలులో బాండుంగు నగరమున ఆసియా, ఆఫ్రికాఖండముల 29 దేశముల ప్రతినిధులు, నెహ్రూ, సుకర్ణో, చౌ ఎన్ లై, నాసరు వంటివారు తొలిసారిగ నొక్కచోట కూడిరి. ఆ యేటి పురుషు డెవరో తెలియునా? జనరల్ మోటార్సు కంపెనీ అధ్యక్షుడు హార్లో కర్టిస్! 1956లో నాసరు సూయజ్ కాలువను జాతీయము చేసెను. బిరుదము హంగెరీ తిరుగుబాటుదారులకు పోయినది. వారి త్యాగమును నేను తగ్గించుట లేదు. ఎంపికలోని వాలును చూపుచున్నాను. 1960లో ఆఫ్రికాఖండమున 17 దేశములు స్వతంత్రములయ్యెను. బిరుదము అమెరికా శాస్త్రజ్ఞులది. పలుమాఱులు ముఖచిత్రమునకెక్కిన నెహ్రూకు ఈ బిరుదము ఎన్నడును రాలేదు. సుమారు పదునేడేండ్లు రాజధానిలో పత్రికాగోష్ఠులు జరిపిన ప్రధానికి రానిది చెరసాలలోని ఖైదీకి వచ్చినదన్న, పదవి వార్తను పుట్టింపదు, కార్యము పుట్టించునన్న నా వాదమునకు వేఱు సాక్ష్యమేల?

అధ్యక్షులవారు గడియారమును చూచుచున్నారు. మిగిలినది వేగముగ చెప్పెదను. 1961లో కెనెడీ, 1962లో పోపు ఇరువదిమూడవ జాన్, 1963లో మార్టిన్ లూథర్ కింగు. కింగుగారికిని దండికిని గల సంబంధ మొక ఘంట ప్రసంగమునకు చాలును. లూస్ 1967లో మరణించెను. 1979లో ఖొమైనీని ప్రకటింపగ అమెరికాలోనే పాఠకు లాగ్రహించిరి. 1982లో మనిషిని విడిచి కంప్యూటరును వరించిరి. 1999లో ‘పురుషుడు’ పోయి ‘వ్యక్తి’ వచ్చెను. ఆ సంవత్సరమే శతాబ్ది వ్యక్తిగ ఐన్‌స్టీనును ఎన్నుకొని, ఆయన వెనుక రూజ్‌వెల్టును గాంధినీ నిలిపిరి. టెలివిజను వచ్చిన తరువాతి కథ మీలోని చిన్నవారు నాకంటె బాగుగ నెఱుగుదురు.

తుదకొక మనవి. 1930లో అమెరికా పత్రికల కెక్కినది ధరాసన గాని దేవరంపాడు కాదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారి వెంట నడచినవారిని, మన తీరమున ఉప్పు వండి లాఠీదెబ్బలు తిన్నవారిని గూర్చి వ్రాయుటకు ఏ వెబ్ మిల్లరును రాలేదు. వారి పేర్లు నాటి తెలుగు పత్రికల ఫైళ్లలో మాత్రమే యున్నవి. వేటపాలెము సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములు కొన్నింటిని కాపాడినవి. మీ యిండ్లలో, మీ తాతల పెట్టెలలో అట్టి పాత సంచికలున్నయెడల వానిని తూకమునకు అమ్మక, తేదీల క్రమమున కట్టి సమీపమున నున్న గ్రంథాలయమున కప్పగింపుడు.