పారబోయకపోయినా తగ్గేవేమో?

(స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన యువ పరిశోధకుల సమావేశంలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

నేను డాక్టరేట్ చేసినవాణ్ణి కాదు. ముప్ఫై ఏళ్లు మంచినీటి పథకాల్లో పనిచేసిన ఇంజినీరుని. పరిశోధకుల ముందు నన్నెందుకు నిలబెట్టారని మీకు అనిపించవచ్చు. కారణం ఒక ఫోన్ కాల్. రెండు నెలల క్రితం మన బడిలోనే చదివిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. జబ్బులు రాకముందే ఆపడం ఎలాగన్న దాని మీద పరిశోధన చేస్తోంది. నివారణ శాస్త్రం అంటారు. "అంకుల్, మూడో కాంట్రాక్టు అయిపోవస్తోంది. ఇంట్లో సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యమంటున్నారు. ఉండనా, మానెయ్యనా?" అని అడిగింది. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ రోజు చెప్పే ప్రయత్నం చేస్తాను.

మా రోజుల్లో ఈ ప్రాంతంలో నీళ్లకు కటకట. ప్రతి ఇంటి ముందు డ్రమ్ములు, వాటి నిండా దోమ పిల్లలు. మా సైన్స్ సార్ ఏడో తరగతిలో ప్రతి శుక్రవారం మా చేత బడి డ్రమ్ములు ఖాళీ చేయించేవారు. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడని చెప్పి, నోటుబుక్కులో లెక్క రాయించేవారు. నెల తర్వాత నేను గర్వంగా "దోమలు తగ్గాయి సార్" అన్నాను. ఆయన అడిగిన ప్రశ్న ఇంకా చెవుల్లో ఉంది. "పారబోయకపోయినా తగ్గేవేమో? చలికాలం వచ్చింది కదరా!"

చికిత్స చేసిన డాక్టరుకు నయమైన రోగి కనిపిస్తాడు. జబ్బు ఆపినవాడికి ఎవరు కనిపిస్తారు? రాని జబ్బును చూపించడం ఎలా? మీ శాస్త్రంలోని కష్టమంతా అదే. మీకు ఉద్యోగాలు తక్కువగా ఉండటానికి కూడా అదొక కారణం.

సార్ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లు మన జిల్లాలోనే ఉన్నారు. 1987 నుంచి 1990 వరకు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రంగారెడ్డి జిల్లాలోని 29 పల్లెల్లో ఒక అధ్యయనం చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. ఆ పథకం అప్పటికింకా రాని 14 పల్లెలను పోల్చి చూడటానికి తీసుకున్నారు. ఆ పిల్లలనే 2003 నుంచి 2005 మధ్య, 13 నుంచి 18 ఏళ్ల వయసులో, మళ్లీ వెతికి 1,165 మందిని పరీక్షించారు. ఆహారం అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల సాగుదల కూడా వాళ్లలో కొంత మెరుగ్గా ఉన్నాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మొదలుపెట్టిన ఏడాది నుంచి లెక్కేస్తే ఇరవై ఒక్క ఏళ్లు! ఆ పల్లెల జాబితాను, ఆ పిల్లల రికార్డులను ఎవరో జాగ్రత్తగా దాచి ఉంచారు కాబట్టే అది సాధ్యమైంది.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నల్లగొండ వైపు ఒక ఊళ్లో ఫ్లోరైడ్ తీసే యూనిట్ కట్టించాను. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే పద్ధతి. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన ఆ పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. ఎముకలు ఒకసారి వంగిపోయాక వాటిని మామూలుగా చేసే మందు లేదు కాబట్టి, నీళ్ల దగ్గర ఆపడమే దారి. ప్రారంభోత్సవం నాడు దండలు వేశారు, ఫొటో దిగాం. ఎనిమిది నెలల తర్వాత వెళ్తే తొట్టిలో పత్తి కట్టె పేర్చి ఉంది. ఊరి మనిషిని అడిగితే, "పటిక అయిపోయింది సారూ, ఎవర్ని అడగాలె?" అన్నాడు. మా కాగితాల్లో మాత్రం అది "పనిచేస్తున్నది" అనే ఉంది. దిద్దమని పైవాళ్లకు రాశాను. దిద్దలేదు. నేనూ రెండోసారి రాయలేదు. ఆ ఊరి పిల్లలు ఆ తర్వాత కూడా అవే నీళ్లు తాగారు.

అందుకే మీకు కొన్ని మాటలు చెప్తాను.

మొదటిది, మొదటి రెండేళ్లలో వీలైనన్ని రోజులు ఊళ్లలో ఉండండి. పటిక ఎవరు తెస్తారు, అంగన్‌వాడీ టీచరుకు ఎన్ని రిజిస్టర్లున్నాయి అన్నవి కంప్యూటర్ ముందు కూర్చుంటే తెలియవు.

రెండోది, లెక్కలు గట్టిగా నేర్చుకోండి. పని మొదలయ్యాక కాదు, మొదలవక ముందే దేనితో పోల్చాలో రాసిపెట్టుకోండి. ఫలితం రాకపోతే అదీ రాయండి. నాలాగా ఒక్కసారి రాసి ఊరుకోకండి.

మూడోది, ఒకే గురువు మీద ఆధారపడకండి. పద్ధతి చెప్పేవారొకరు, క్షేత్రం తెలిసినవారొకరు, ఉద్యోగ వ్యవహారాలు నిజాయితీగా చెప్పేవారొకరు కావాలి. ఈ మూడోవారు మీ పై అధికారి కాకపోతే మంచిది. వ్యాసంలో ఎవరి పేరు ఎక్కడ ఉండాలో పని మొదట్లోనే అడిగి కాగితం మీద పెట్టించుకోండి. అడగడం అమర్యాద కాదు.

నాలుగోది, కాంట్రాక్టు ముగియడానికి ఏడాది ముందే తర్వాతి దారి వెతకండి. కెరీర్ మొదట్లో ఉన్నవారికి ఫెలోషిప్పులిచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం ఉన్నది మన హైదరాబాద్‌లోనే. అమెరికాలో నివారణ పరిశోధకుల సంఘమైతే కొత్తవాళ్ల కోసం విడిగా ఒక వేదికే నడుపుతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ నుంచి కోడింగ్ దాకా అన్నింటికీ కోచింగ్ దొరుకుతుంది. దీనికి మాత్రం దొరకదు. మనమే ఒకరికొకరు చెప్పుకోవాలి.

కాబట్టి మన సంఘానికి ఒక విన్నపం. మనలో డాక్టర్లు, లెక్చరర్లు, గణాంకాలు తెలిసినవాళ్లు, ప్రభుత్వంలో పనిచేసి రిటైరైనవాళ్లు ఉన్నారు. ఒక్కో యువ పరిశోధకునికి ముగ్గురు పెద్దలను జత చేద్దాం. రెండు కాంట్రాక్టుల మధ్య ఖాళీ వచ్చినప్పుడు మూడు నెలల ఖర్చుకు చిన్న నిధి పెడదాం. మొదటి చెక్కు ఈ రోజే కోశాధికారి గారికి ఇస్తున్నాను. మా బ్యాచ్ మిత్రులు తలలు దించుకోనక్కర్లేదు, రాత్రి భోజనాల దగ్గర కలుస్తాను!

అమ్మా, నువ్వు ఈ హాల్లోనే ఉన్నావు. నిన్ను తప్పక ఉండమనను. ఇంటి అవసరాలు నీకే తెలుసు. ఒకవేళ మానేసినా, నీ దగ్గరున్న నోటుబుక్కులు, జాబితాలు తర్వాత వచ్చేవాళ్లకు అర్థమయ్యేలా సర్ది అప్పగించి వెళ్లు. ఉంటే మాత్రం, నీ ముగ్గురిలో ఒకణ్ణి నేను. నాకు శాస్త్రం తెలియదు గాని, పటిక ఎక్కడ దొరుకుతుందో తెలుసు.

మా సైన్స్ సార్ ఈ రోజు మన మధ్య లేరు. ఆయన అడిగిన ప్రశ్నకు నేను ఏడో తరగతిలో జవాబు చెప్పలేకపోయాను. మీలో ఎవరైనా చెప్తే విని సంతోషిస్తాను.