రమజాన్‌లో ఇంటి పనివారి పనిగంటలు



రమజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులు ఒక గంట ముందుగా ఇళ్లకు వెళ్లేందుకు మన రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వులు ఇస్తూ వస్తున్నది. ఆ వెసులుబాటును మనం నిలుపుకోవాలి. అయితే గంట ముందు ఇల్లు చేరిన మనకు ఇఫ్తార్ సిద్ధం చేసేవారెవరు? వారి పనిగంటలు ఏ ఉత్తర్వులో ఉన్నవి?

గోదావరి డెల్టాలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువున్నది. రాజోలు, అమలాపురం, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల నుండి ఎందరో స్త్రీలు ఇంటిపనికై కువైట్ వెళ్లారు, నేటికీ వెళ్తున్నారు. వారిలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, మన ఆడపడుచులూ ఉన్నారు. రమజాన్ వచ్చిందంటే అక్కడ వారి రాత్రింబవళ్లు తలక్రిందులవుతాయి. మధ్యాహ్నం మొదలు ఇఫ్తార్ వంట, తరావీహ్ తరువాత అతిథులకు టీలు, అర్ధరాత్రి గబ్గా విందు, ఆ పాత్రలు కడిగేసరికి సహరీ. ఫజ్ర్ చదువుకొని ఇంటివారు నిద్రిస్తారు. పిల్లలను బడికి పంపే వేళకు ఆమె మాత్రం మేల్కొని ఉండాలి. ఆమె కూడా ఉపవాసి అయితే ఆ భారం ఎంతటిదో ఊహించండి.

కువైట్‌లో 2010 నాటి ప్రైవేటు రంగ కార్మిక చట్టం రమజాన్ పనిని వారానికి 36 గంటలకు పరిమితం చేసింది. కాని ఇంటి పనివారిని తన పరిధి నుండి మినహాయించింది. వారికొరకు 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలు మించరాదని, నడుమ విశ్రాంతి, వారానికొక సెలవు ఇవ్వాలని అది చెబుతున్నది. మంచిదే. రమజాన్‌కు ప్రత్యేక తగ్గింపు మాత్రం లేదు. దుకాణంలోని గుమాస్తాకు ఆరు గంటలు, వంటింట్లోని స్త్రీకి పన్నెండు! నాలుగు గోడల నడుమ ఆ పన్నెండునైనా లెక్కించేదెవరు?

సేవకులు మీ సోదరులేనని, వారి శక్తికి మించిన పని అప్పగించవద్దని, అప్పగిస్తే మీరూ చేయి కలపాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఈ బోధ కువైట్ యజమానులకే పరిమితం కాదు, రాజమహేంద్రవరంలోని మన ఇళ్లకూ వర్తిస్తుంది. మన ఇంట పనిచేసే అమ్మను ఈ నెలలో సాయంత్రం మరొకమారు రమ్మంటున్నాము. ఈద్ నాటి చీర ఆ అదనపు గంటల కూలికి బదులు కానేరదు.

గృహకార్మికులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికను భారతదేశం ఇంకా ధ్రువీకరించలేదు. ధ్రువీకరించమని మనం కోరుదాం. ఈలోగా, గల్ఫ్‌కు బయలుదేరే ప్రతి సోదరి ఒప్పంద పత్రాన్ని మసీదు కమిటీల్లో చదువుకున్నవారు ఒకమారు చూడాలి. పనిగంటలు, సెలవు, రమజాన్ రాత్రుల పనికి వేతనం అందులో వ్రాసి ఉన్నాయా లేదా ఆమెకు తెలుగులో చదివి వినిపించాలి. ఆమె ఏ మతస్థురాలైనా సరే.