రిపోర్టు వచ్చేలోగా
(సంఘ సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



గొంతు కేన్సరుకు నాకు 35 రేడియేషన్లు పూర్తయి 13 వారాలైంది. ముద్ద దిగుతోంది గాని, కుడిచెవిలో పోటు తగ్గలేదు. చెవిలో దోషమేమీ లేదన్నారు. గొంతు నొప్పే నరాల వెంట చెవికి పాకవచ్చునట. అది రేడియేషన్ వాపో, మిగిలిన జబ్బో మాత్రం తేలలేదు. పెట్ స్కాన్ వెంటనే తీయమని పోరాను. తొందరపడితే వాపు కూడా జబ్బులాగే వెలుగుతుందని, 12 వారాలు ఆగమన్నారు. సర్వీసంతా ఫైళ్ల మీద "పరిశీలనలో ఉన్నది" అని రాసినవాణ్ణి. ఇప్పుడు నేనే పరిశీలనలో ఉన్నాను.

మొన్న స్కాన్ అయింది. రిపోర్టు గురువారం. పోటు లేదని మా ఆవిడతో ఇన్నాళ్లూ అబద్ధమాడాను. నిన్న చెప్పేశాను. "తెలుసులెండి, రాత్రిళ్లు చెవి పట్టుకుని కూర్చుంటున్నారుగా" అంది. ఎప్పుడెప్పుడు, ఎంతసేపు వచ్చిందో ఇద్దరం కలిసి డైరీలో రాశాం. ఆ డైరీ పట్టుకుని ఇద్దరం వెళుతున్నాం. సెలవు.