స్థూలకాయమునకు శస్త్రచికిత్స చేయించుకొనవలెనా?



ఒక ఇంట కష్టమైన నిర్ణయము చేయవలసివచ్చినపుడు ఆ ఇంటివారు తమకంటె పెద్దవారి యొద్దకు పోయి "మీరేమందురు?" అని అడుగుట మన ఊళ్లలో ఆచారము. పెండ్లి సంబంధమైనను, పొలము బేరమైనను, అన్నదమ్ముల పంపకమైనను మన అనుభవమునుబట్టి ఏదో యొకటి చెప్పగలము. కాని మన తండ్రులును తాతలును ఎన్నడును వినని ప్రశ్న యొకటి నేడు మన అరుగులమీదికి వచ్చుచున్నది. "ఒళ్లు తగ్గుటకై పొట్టకు ఆపరేషను చేయించుకొనవచ్చునా?" అన్నదే ఆ ప్రశ్న.

మూడేండ్ల క్రిందట నా తమ్ముడు నన్ను ఈ ప్రశ్న అడిగెను. అప్పుడు నేను చేసిన పొరపాటేమో, తరువాత నేర్చుకొన్నదేమో మీకు విన్నవించుటకే ఈ ప్రసంగము. నేను వైద్యుడను గాను. బడిపంతులుగా పనిచేసి విశ్రమించినవాడను. కనుక ఇందులో వైద్యులు చెప్పిన మాటలు కొన్ని, ఒక అన్న పడిన బాధ కొంత ఉండును.

మాది కృష్ణాడెల్టాలోని యొక చిన్న గ్రామము. తమ్మునికి అప్పుడు 48 ఏండ్లు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 121 కిలోలు. తొమ్మిదేండ్లుగా మధుమేహము, రెండు పూటల ఇన్సులిను సూది. మోకాళ్ల నొప్పులచే గట్టుమీద నడువలేక పొలము కౌలుకిచ్చెను. రాత్రి గురకపెట్టుచు, నడుమ ఊపిరి ఆగి, ఉలికిపడి లేచి కూర్చుండెడివాడు. పగలు మోటారుసైకిలు నడుపుచు కునికి రెండు పర్యాయములు కాలువగట్టున పడెను. అట్టివాడు ఒకనాటి సాయంకాలము వచ్చి, "అన్నయ్యా, ఆపరేషను చేయించుకొందునా? నీవేమన్న అదే చేసెదను" అనెను.

నేను ఆలోచింపక, "నోరు కట్టుకొనలేనివానికి కత్తి యేల? లంఖణము పరమౌషధమని పెద్దలు ఊరకనే అన్నారా? కొండనాలుకకు మందు వేయబోయి ఉన్న నాలుక పోగొట్టుకొందువా?" అంటిని. తమ్ముడు తల వంచుకొని కూర్చుండెను. అప్పుడు మా మరదలు, ఎన్నడును నాకెదురు మాటాడని మనిషి, తలుపు ప్రక్కనుండి ఇట్లనెను: "బావగారూ, పోయిన ఏడు వీరు మూడు నెలలు రాత్రి అన్నము మాని 11 కిలోలు తగ్గినారు. ఏడు తిరుగకముందే 13 కిలోలు పెరిగినారు. ఇట్లు నాలుగు మార్లయినది. మన అమ్మాయి పెండ్లిలో బంతి సాగుచుండగా 'మా భీమునికి ఇంకో రెండు లడ్లు వేయండి' అని మీరు నవ్వించినారు. వీరు విస్తరి ముందునుండి లేచిపోయినారు. ఆ రాత్రి ఏమియు తినలేదని మీకు తెలియదు."

నిజముగా నాకు తెలియదు. ఆ మాట విన్న తరువాత, తెలిసికొనకుండ మాటాడరాదని నిశ్చయించుకొని, తమ్మునితో కలిసి బయలుదేరితిని.

మొదట పట్టణములో ఒక పెద్ద ఆసుపత్రికి పోయితిమి. అచ్చట గోడలనిండ బొమ్మలు. "మూడు రోజులలో ఇంటికి పోవచ్చును, మధుమేహము శాశ్వతముగా మాయమగును, ఈ దినముననే సొమ్ము కట్టినచో తగ్గింపు కలదు" అనిరి. సంతలో ఎడ్ల బేరగాని మాటలు గుర్తుకువచ్చినవి. మెల్లగా లేచి వచ్చితిమి. తరువాత ఒక వృద్ధ శస్త్రవైద్యుని చూచితిమి. ఆయన గంటసేపు మాటాడెను. లాభము చెప్పిన నోటితోనే నష్టమును చెప్పెను. ఆయన చెప్పినదియు, పిమ్మట నేను చదివి తెలిసికొన్నదియు సంగ్రహముగా చెప్పెదను.

నేను మొదట అడిగినది నా సందేహమే: "నోరు కట్టుకొన్న చాలదా?" ఆయన నవ్వి, "మొదట అందరును చేయవలసినది అదియే. కొద్దిపాటి బరువు పెరిగినవారికి ఆహారనియమము, నడక చాలును. కాని ఇంత బరువు చేరిన శరీరము దానిని తన సొత్తుగా కాపాడుకొనును. మనిషి తగ్గినకొలది ఆకలి హెచ్చును, శరీరము ఖర్చు చేయు శక్తి తగ్గును" అనెను. జీర్ణాశయమునుండి పుట్టి మెదడునకు ఆకలిని తెలుపు గ్రెలిన్ అను పదార్థమును జపానుదేశపు శాస్త్రజ్ఞులు 1999లో కనుగొనిరట. ఉపవాసములచే సన్నబడినవారిలో అది పెరుగును. కనుక బరువు మరల వచ్చుట కేవలము మనోదౌర్బల్యము కాదు. ఈ యొక్క మాటతో నా తమ్ముని యెడల నాకున్న నేరారోపణ సగము తొలగిపోయెను.

ఈ చికిత్స ఎవరికి? బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో రెండుమార్లు పెట్టి భాగించిన ఒక సంఖ్య వచ్చును. తమ్మునికది దాదాపు 43. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలవారు 1991లో ఈ సంఖ్య 40 దాటినవారికిని, 35 దాటి తీవ్రమైన వ్యాధులున్నవారికిని శస్త్రచికిత్స తగునని నిర్ణయించిరి. 2022లో శస్త్రవైద్యుల అంతర్జాతీయ సంఘములవారు ఆ హద్దును 35కు దించి, మధుమేహాదులున్నచో 30 నుండి ఆలోచింపవచ్చుననిరి. ఆసియావారి విషయమున 27.5 నుండియే అనిరి. మనవారికి తక్కువ బరువుననే, ముఖ్యముగా నడుము చుట్టు కొవ్వు చేరినప్పుడు, మధుమేహము వచ్చుటయే దీనికి కారణము. అయితే సంఖ్య వచ్చినంతమాత్రమున చేయించుకొని తీరవలెనని కాదు. అది ద్వారము మాత్రమే.

ఇక చేయు పని యేమి? అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు 1966లో ప్రారంభించిన పద్ధతిలో జీర్ణాశయపు పైభాగమున చిన్న సంచి చేసి, దానిని చిన్నప్రేగులో కొంత దూరమునకు కలిపెదరు. తిన్న ఆహారము మిగిలిన జీర్ణాశయమును, ప్రేగు మొదటి భాగమును దాటిపోవును. రెండవ పద్ధతిలో జీర్ణాశయమున దాదాపు నాలుగింట మూడు వంతులు కోసి తీసివేసి, అరటికాయవంటి గొట్టమును మిగిల్చెదరు. తీసినది మరల రాదు. ఇప్పుడు ఈ రెంటిని పొట్ట చీల్చకుండ, చిన్న రంధ్రములగుండ పరికరములు పంపి చేయుచున్నారు. వీనివలన తక్కువ తినుటయే కాక, ఆకలిని చక్కెరను శాసించు రసములును మారును.

లాభమెంత? స్వీడనుదేశమున 1987లో ప్రారంభించి 4,047 మంది స్థూలకాయులను ఏండ్లతరబడి పరిశీలించిరి. 2007లో ప్రకటించిన లెక్కలో, సగటున సుమారు 11 ఏండ్లకు, శస్త్రచికిత్స లేని 2,037 మందిలో 129 మందియు, చేయించుకొన్న 2,010 మందిలో 101 మందియు మరణించియుండిరి. ఇది అద్భుతము కాదు, అల్పమును కాదు. మధుమేహము మాటకు వచ్చినచో, అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో ఐదేండ్ల తరువాత కఠినమైన లక్ష్యమునకు చక్కెర దిగినవారు మందులతో మాత్రమే ఉన్నవారిలో నూటికి 5, మొదటి పద్ధతి శస్త్రచికిత్సలో 29, రెండవదానిలో 23. చాలమందికి మందులు తగ్గినవి. కాని "శాశ్వతముగా మాయము" అన్న గోడమీది మాట నిజము కాదని దీనివలన తెలియుచున్నది.

నష్టమెంత? అమెరికాలోని కొన్ని ఆసుపత్రులలో 4,776 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన లెక్కలో, నెలలోపల మరణించినవారు వేయికి ముగ్గురు. కుట్లవద్ద స్రావము, రక్తస్రావము, కాళ్లలో రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవుట ముఖ్యమైన ప్రమాదములు. ఇవి మొదటి దినముల భయములు. అసలు భారము తరువాత మొదలగును. ఇనుము, సున్నము, బి-12, డి విటమినులు బ్రతికినంతకాలము వాడవలెను. ఏటేట రక్తపరీక్షలు చేయించవలెను. విడువక వాంతులైనచో బి-1 విటమిను తరిగి నరములు చెడవచ్చును. త్వరగా సన్నబడునప్పుడు పిత్తాశయమున రాళ్లు పుట్టవచ్చును. తీపి తిన్న కొందరికి గుండెదడ, చెమట, నీరసము కలుగును. రెండవ పద్ధతి తరువాత కొందరికి గొంతుమంట హెచ్చును. సారాయి త్రాగువారికి అది వేగముగా తలకెక్కి, వ్యసనము ముదురవచ్చును. ఈ కారణముననే మా మేనత్త కుమారుడొకడు, నిత్యము త్రాగువాడు, అదే వైద్యుని యొద్దకు పోగా, "ముందు త్రాగుడు మాన్పించుకొని రమ్ము" అని ఆయన త్రిప్పిపంపెను. ఆయనపై నాకు నమ్మకము కుదిరినది ఆ దినముననే.

ఇప్పుడు కొన్ని క్రొత్త సూదిమందులు వచ్చియున్నవి. వారమునకొకమారు వేసికొనునట్టి ఈ మందులు ఆకలిని తగ్గించును. 2025లో మన దేశపు దుకాణములకును వచ్చినవి. శస్త్రమునకు ముందు వీనిని గూర్చియు వైద్యుని అడుగవలెను. అయితే వీనిలో నొకదానిని మానినవారికి ఏడాదిలో తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగివచ్చినదని ఒక పరీక్షలో తేలినది. ఖర్చును తలచుకొనక తప్పదు. ఆరోగ్యబీమా ఉన్నవారు పాలసీ కాగితము చదివించుకొనవలెను. 2019లో బీమా నియంత్రణ సంస్థ పెట్టిన నిబంధనలో 18 ఏండ్లు నిండుట, ఆ సంఖ్య 40, లేక తీవ్రవ్యాధులతో 35 ఉండుట, ఇతర మార్గములు విఫలమగుట మొదలైన షరతులు ఉండెను.

ఇంత విన్న తరువాత నాకు మూడు రాత్రులు నిద్ర రాలేదు. సరేయన్న పిమ్మట వేయిలో ముగ్గురిలో వీడొకడైనచో మరదలి ముఖము ఎట్లు చూతును? వలదన్న పిమ్మట ఒకనాటి రాత్రి ఊపిరి ఆగి తిరిగి రాకపోయినచో? ఏ మాట యన్నను పాపము నాదే యనిపించెను. తుదకు నాకు తోచినదేమనగా, ఆ మాట నేను చెప్పవలసినదే కాదు. శరీరము వానిది, జీవితాంతము మాత్ర మ్రింగవలసినవాడు వాడు.

నాలుగవ దినమున తమ్ముని పిలిచి, ముందు పెండ్లిబంతిలో నేనాడిన మాటకు క్షమింపుమంటిని. వాడు మాటాడలేదు, నా చేయి పట్టుకొనెను. పిమ్మట నాలుగు ప్రశ్నలు కాగితముపై వ్రాసి యిచ్చితిని. ఒకటి, ఇతర మార్గములన్నియు వైద్యుని పర్యవేక్షణలో నిజముగా చూచితివా? రెండు, ఎవరిని మెప్పించుటకు గాక నీ ఆరోగ్యమునకై కోరుచున్నావా? మూడు, పదేండ్ల తరువాతకూడ మందులు మ్రింగి, పరీక్షలకు పోగలవా? నాలుగు, బరువు కొంత తిరిగివచ్చినను, చక్కెర పూర్తిగా పోకున్నను, చేయించుకొన్నందుకు చింతింపకుందువా? "వారము ఆలోచించుము. చేయించుకొన్న నేను ప్రక్కన కూర్చుందును, మానుకొన్న నీతో రోజును నడచెదను" అంటిని.

వారమైన పిమ్మట వాడు చేయించుకొందుననెను. వైద్యుడు వెంటనే కత్తి పట్టలేదు. చుట్ట మాన్పించెను, నిద్రలో ఊపిరికి యంత్రము పెట్టించెను, ఆహారము నేర్పువారితోను మనస్తత్త్వ వైద్యునితోను మాటాడించెను. ఇందుకు మూడు నెలలు పట్టెను. మొదటి పద్ధతిలో శస్త్రచికిత్స జరిగెను. ఆ నాలుగు గంటలు ఆసుపత్రి బల్లమీద నేనెట్లు కూర్చుంటినో నాకే తెలియదు.

ఏడాదిలో 38 కిలోలు తగ్గెను. తరువాత 6 కిలోలు తిరిగివచ్చినవి. ఇన్సులిను పోయినది, ఒక మాత్ర మిగిలినది. గురక లేదు. మోకాళ్ల నొప్పి సగము తగ్గినది. మొదటి నెలలలో జుట్టు రాలెను, పొట్టచర్మము వ్రేలాడుచున్నది. ఒకమారు విటమినులు అశ్రద్ధ చేయగా అరికాళ్లు తిమ్మిరులెక్కి, నెలనెల సూది వేయించుకొనవలసివచ్చెను. చేయించుకొన్నందుకు చింత కలదా యని అడిగితిని. "లేదు గాని, తేలిక పనియని ఎవరితోను చెప్పకుము" అనెను. అందుకే మీతో అట్లు చెప్పుటలేదు.

పెద్దలారా, మీ యింటివారెవరైన ఈ ప్రశ్నతో వచ్చినచో నావలె మొదటనే తీర్పు చెప్పకుడు. తిండిపోతని నవ్వకుడు. ఆశచూపి తొందరపెట్టు చోటినుండి తప్పించి, నష్టమునుకూడ చెప్పు వైద్యుని యొద్దకు తోడుపొండు. నిర్ణయము వారికి విడిచి, ఏ నిర్ణయమైనను తోడు నిలువుడు.

మొన్న సంక్రాంతికి తమ్ముడు మా యింట భోజనము చేసెను. అరిసెలో నాలుగవవంతు త్రుంచుకొని మెల్లగా నమలి, మిగిలినది నా విస్తట్లో వేసెను. ఇంకొకటి వేయుమని ఈసారి నేననలేదు. వాడు మాత్రము బంతి ముగియువరకు అందరితో కూర్చుండి, అందరితో పాటే లేచెను.

సెలవు.