మందులకు లొంగని మూర్ఛ: మెడనాడి చికిత్స



నేడు నేను ముచ్చటింపదలచినది మూర్ఛరోగమును గూర్చి. అందులోను మాత్రలు మ్రింగినను మానని మూర్ఛను గూర్చి. దీనిని మన పూర్వులు అపస్మారమనిరి. నిజామాబాదు, బోధను ప్రాంతములలో ఇప్పుడందరును ఫిట్సు అనియే యందురు. పేరేదైనను, ఇంటిలో నొకరికి వచ్చినచో ఆ యింటివారు దానిని దాచుదురు. పిల్లకు పెండ్లి కాదని దాచుదురు, పిల్లవానికి పని దొరకదని దాచుదురు.

నా చిన్ననాట మా యూర చెఱకుబండి తోలు యువకుడొకడుండెను. ఒకనాటి రాత్రి షక్కర్‌నగరు కార్ఖానా వాకిట బండ్లు బారులు తీరియుండగా అతనికి మూర్ఛ వచ్చి కాడి క్రింద పడిపోయెను. తోడివారు పరుగున వచ్చి చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టిరి. ముక్కుకడ ఉల్లిపాయ చిదిమిరి. రెండు నిమిషములకు మూర్ఛ తనంతట తానే ఆగినది. గొప్ప మాత్రము తాళపుచెవులకు దక్కినది. అటుపిమ్మట అతనిని బండి యెక్కనీయలేదు, కాలువగట్టున ఒంటరిగా నడువనీయలేదు, బెల్లము వండు పెనము దరికి రానీయలేదు. ఈ జాగ్రత్తలు తప్పు కావు. నీరు, నిప్పు, గానుగ, ఈ మూడును మూర్ఛరోగికి శత్రువులే. కాని వైద్యునియొద్దకు మాత్రము అతనిని ఎవరును కొనిపోలేదు. ఆ కార్ఖానా 1937లో వెలసి 2015లో మూతపడినది. తాళపుచెవుల వైద్యము ఇంకను మూతపడలేదు.

మెదడులోని కణములు ఒకదానితో నొకటి స్వల్పమైన విద్యుత్తుచేత సందేశములు పంపుకొనుచుండును. అవి పెక్కు ఒక్కసారిగా అదుపు తప్పి చెలరేగినప్పుడు మూర్ఛ వచ్చును. ఇందు గాలి లేదు, దయ్యము లేదు. ఈ చెలరేగుటను మాత్రలు అణచును. గ్లాస్గో నగరమున క్వాన్, బ్రోడీ యను వైద్యులు 2000లో ప్రకటించిన లెక్కలో, క్రొత్తగా వైద్యమునకు వచ్చిన నూరుమందిలో 47 మందికి మొదటి మందుతోనే మూర్ఛలు ఆగినవి. రెండవదానితో మఱి 13 మందికి ఆగినవి. ఆపైన ఎన్ని మందులు మార్చినను నలుగురికే ఫలితము కలిగినది. అందుచేతనే తగిన మందులు రెండు సరిగా వాడియు మూర్ఛలు ఆగనిచో, దానిని మందులకు లొంగని మూర్ఛగా ఎంచవలెనని అంతర్జాతీయ వైద్యసంఘము 2010లో నిర్ణయించినది.

సరిగా వాడియు అనుమాట మఱవకుడు. నాట్లనాడు ఒక పూట, జాతరనాడు ఒక పూట మాత్ర తప్పించి, మందు పనిచేయలేదనుట న్యాయము కాదు.

నిజముగా లొంగనిచో ఏమి చేయవలెను? ఏండ్లకొలది అవే మాత్రలను మార్చి మార్చి మ్రింగుచు కూర్చుండరాదు. నిజామాబాదు పెద్దాసుపత్రినుండి గాని, తిన్నగా గాని, హైదరాబాదులోని నిమ్సు వంటి సంస్థలోని నాడీవైద్యులకు చూపవలెను. వారు మెదడు విద్యుత్తును కొలిచి, పటములు తీసి, మూర్ఛ మెదడులో ఏ తావున పుట్టుచున్నదో వెదకుదురు. ఆ తావు ఒక్కటే యై, తీసివేసినను నష్టము లేనిదైనచో, శస్త్రచికిత్సయే మేలు. కెనడాలో జరిగి 2001లో ప్రకటింపబడిన పరీక్షలో, కణతవైపు భాగమునుండి మూర్ఛలు పుట్టువారిలో శస్త్రచికిత్స వంతు వచ్చినవారికి నూటికి 58 మందికి ఏడాదిలో స్పృహ తప్పు మూర్ఛలు నిలిచినవి. మందులతోనే ఉన్నవారిలో ఎనమండుగురికే నిలిచినవి.

శస్త్రచికిత్సకు వీలుకానివారికి, చేసినను ఫలింపనివారికి మెడనాడి చికిత్స యున్నది. మెదడు మూలమునుండి బయలుదేరి, మెడలో దిగి, గుండెకు, ఊపిరితిత్తులకు, పొట్టకు పోవు నాడి యొకటి కలదు. దాని పేరు వేగసు. లాటిను భాషలో సంచారి యని అర్థము. ఇందలి పోగులలో ఎక్కువపాలు క్రిందినుండి మెదడునకే వార్తలు మోయును. ఆ దారినే మెదడును శాంతింపజేయవచ్చునని న్యూయార్కులో కార్నింగను వైద్యుడు 1880వ దశకముననే యత్నించెను, అది నిలువలేదు. వంద యేండ్లకు ఫిలడెల్ఫియాలో జబారా యను శాస్త్రజ్ఞుడు కుక్కలయందు పరీక్షించి చూపెను. 1988లో అమెరికాలోని ఉత్తర కరోలినాలో తొలిసారి మనుష్యునికి యంత్రము అమర్చిరి. 1997లో ఆ దేశ ప్రభుత్వము దానికి అనుమతి నిచ్చెను.

యంత్రము చిన్న డబ్బీ. ఎడమ జత్రువు క్రింద చర్మములోపల ఉంచి, సన్నని తీగను మెడలో ఎడమవైపు నాడికి చుట్టుదురు. కుడివైపు నాడి గుండె నడకను ఎక్కువగా శాసించును గనుక దానిని ముట్టరు. మెదడును తెఱువనక్కఱ లేదు. 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువలలో నీరు వంతులవారీగా విడుచుట మీ రెఱుగుదురు. ఈ డబ్బీయు అట్లే, సాధారణముగా అఱ నిమిషము విద్యుత్తును విడిచి, అయిదు నిమిషములు ఆగి, మరల విడుచును. ఎంత విడువవలెనో వైద్యుడు పైనుండియే నిర్ణయించి, వారములతరబడి మెల్లగా పెంచును. మూర్ఛ వచ్చునని ముందే తోచువారు ఒక అయస్కాంతమును డబ్బీమీద త్రిప్పినచో అదనపు వంతు విడుదలగును. అది కొందఱికి మూర్ఛను అక్కడనే ఆపును. ఇది యెట్లు పనిచేయునో వైద్యశాస్త్రము ఇంకను పూర్తిగా తేల్చలేదు.

ఇక నష్టములు. విద్యుత్తు పాఱునప్పుడు గొంతు బొంగురుపోవును, దగ్గు వచ్చును. పెక్కుమందికి ఇవి కాలక్రమమున తగ్గును. ఖర్చు లక్షలలో నుండును. కొన్ని యేండ్లకు బ్యాటరీ క్షీణించినచో మరల చిన్న కోత తప్పదు. ఇంతయు చేసి పూర్తిగా మూర్ఛలు నిలుచువారు కొలదిమందియే. రెండేండ్లు గడచినపిదప సుమారు సగముమందికి మూర్ఛలు సగమునకు పైగా తగ్గును. మాత్రలు మానరాదు. మూర్ఛ మటుమాయమగునని చెప్పి ఎవరైన ఈ యంత్రమును అంటగట్టజూచినచో నమ్మవలదు. అయినను, నెలకు ఇరువదిమార్లు పడువాడు పదిమార్లే పడుట ఆ తల్లికి చిన్న సంగతి కాదు.

ఆస్తి అమ్ముటకు ముందు రెండు ప్రశ్న లడుగుడు: శస్త్రచికిత్సకు వీలున్నదా యని పరీక్షించిరా? యంత్రము వలన ఎంత తగ్గునని వారి అంచనా? వైద్యునియొద్దకు పోవునప్పుడు ఒక చిన్న పుస్తకమున మూర్ఛ వచ్చిన తేదీ, వేళ, ఎంతసేపున్నదియు వ్రాసికొని పొండు. ఇంటి కుఱ్ఱలు ఫోనులో ఆ దృశ్యమును తీసినచో ఇంకను మంచిది. ఇంతవఱకు వాడిన మాత్రల చీటీలన్నియు, చిరిగినవి సయితము, కూడ తీసికొనిపొండు; వైద్యుడు మొదట అడుగునవి అవియే.