నాలుగు మిల్లీమీటర్ల వెల

పట్టాలు అందుకుంటున్న మెకానికల్, బయోమెడికల్ ఇంజినీర్లకు అభినందనలు. ఇలాంటి రోజున జీవితం గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను మాత్రం ఒక పంపు గురించి మాట్లాడతాను. బోరుబావిలో దింపే సబ్‌మెర్సిబుల్ పంపు మీరంతా ఎరిగినదే: సన్నటి గొట్టంలో పట్టేలా పొడుగ్గా చేసిన మోటారు, దానికి తగిలించిన రెక్కలు. దాన్ని నాలుగైదు మిల్లీమీటర్ల లావుకు కుదించి, గజ్జల దగ్గర తొడ ధమనిలోంచి పైకి ఎక్కించి, బృహద్ధమని కవాటం దాటించి గుండెలో నిలిపితే ఒక కొసన ఎడమ జఠరికలో రక్తం పీలుస్తుంది, రెండో కొసన బృహద్ధమనిలోకి వదులుతుంది. ఛాతీ కోసే పని లేదు. గాటు తక్కువ కాబట్టి మేలు ఎక్కువ అని మనం వెంటనే అనేసుకుంటాం. అందులో సగమే నిజం. గాటు తగ్గినంత మాత్రాన శరీరం భరించాల్సిన హాని మాయమైపోదు, చోటు మారుతుంది. ఎక్కడికి మారిందో వెతికి పట్టుకుని లెక్క రాయడం డిజైనరు పనిలో భాగమన్నది నా వాదన.

ఈ పంపుల కథ నీళ్లు తోడటం దగ్గరే మొదలైంది. 1970లలో ఈజిప్టు వెళ్లిన అమెరికన్ వైద్యుడు రిచర్డ్ వాంప్లర్ అక్కడి పల్లెలో మరచుట్టు గొట్టంతో నీళ్లు ఎత్తడం చూశాడు. మనకు ఏతం, మోట ఎలాగో వాళ్లకు ఆ ఆర్కిమెడిస్ మర అలాగ. ఆ ఊహతో ఆయన చేసిన హీమోపంపును 1988లో హ్యూస్టన్‌లో తొలిసారి మనిషికి అమర్చారు. లావు 7 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి దాదాపు 25,000 చుట్లు. మోటారు ఒంటి బయటే ఉండేది, మెలికలు తిరిగే సన్నటి తీగ రెక్కలను తిప్పేది. అంత వేగానికి రక్తం చిలికిపోతుందని నిపుణులు భయపడ్డారు. భయపడినంత జరగలేదు. ఎర్రకణం మీద పడే ఒత్తిడి ఎంతన్నదే కాదు, ఎంతసేపు పడిందన్నదీ ముఖ్యం. రెక్కల మధ్య అది ఉండేది కొన్ని మిల్లీసెకన్లే. తర్వాత జర్మనీలోని ఆకెన్ నగరంలో థోర్‌స్టెన్ సీస్, ఆయన సహచరులు మోటారునే కేథటర్ కొసకు చేర్చారు. ఇంపెల్లా అనే ఆ పంపు రకాల్లో 4 మిల్లీమీటర్ల లావున్నది నిమిషానికి 51,000 చుట్ల దాకా తిరిగి రెండున్నర లీటర్ల రక్తం తోడుతుంది. విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి తోడేది సుమారు ఐదు లీటర్లు.

ఈ అంకెల్లోనే ఇరకాటం ఉంది. లావు తగ్గించి అంతే రక్తం తోడాలంటే వేగం పెంచాలి. వేగం పెరిగితే రెక్కల కొసకూ గొట్టం గోడకూ మధ్య సందులో రక్తం మీద కోత పెరుగుతుంది, ఎర్రకణాల పొరలు చిరుగుతాయి. లోపలి హీమోగ్లోబిన్ బయటపడి మూత్రపిండాల మీద పడుతుంది. ఐసీయూలో మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగ్ టీ డికాక్షన్ రంగుకు మారితే నర్సుకు అర్థమవుతుంది, పంపు పక్కకు జరిగిందో, రక్తాన్ని నలుపుతోందో అని. మోటారులోకి రక్తం చొరబడి గడ్డకట్టకుండా గ్లూకోజు నీళ్లను లోపలినుంచి బయటికి ఎడతెగకుండా నెడుతూ ఉంటారు. తడి తగలకూడని మోటారును రక్తం మధ్య ఉంచి, తీపి నీటితో తెర కట్టారన్నమాట! నాకు ఈ రంగంలో అన్నిటికంటే ముచ్చటైన ఉపాయం ఇదే. ఇక కాలి సంగతి. పంపు వెళ్లే దారి మామూలుగా ఆరేడు మిల్లీమీటర్ల వెడల్పుండే ధమని. చిన్న శరీరాల్లో, ముఖ్యంగా స్త్రీలలో, ఇంకా ఇరుకు. కొవ్వు పేరుకుంటే మరీ ఇరుకు. అందులో ఐదు మిల్లీమీటర్ల గొట్టం రోజుల తరబడి ఉంటే పాదానికి రక్తం అందేదెలా? మూడు మిల్లీమీటర్ల లావుతో లోపలికి వెళ్లి, గొడుగులా విచ్చుకునే పంపులు ఇప్పుడు పరీక్షల దశలో ఉన్నాయి. విచ్చుకునే రెక్క మెత్తగా ఉండాలి, తిరిగే రెక్క గట్టిగా ఉండాలి, పని అయ్యాక మళ్లీ ముడుచుకుని బయటికి రావాలి. చిక్కు తీరలేదు, రూపం మారింది.

ప్రాణం పోతున్న మనిషి ముందు ఈ లెక్కలేమిటి, ముందు పంపు పెట్టి తర్వాత చూసుకుందాం అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు బెలూను పంపు చరిత్రలో ఉంది. బృహద్ధమనిలో ఉబ్బుతూ ముడుచుకుంటూ గుండెకు ఆసరా ఇచ్చే ఆ పరికరాన్ని 1960ల చివర్నుంచి వాడుతున్నారు. కాగితం మీద దాని తర్కంలో తప్పు పట్టలేం. గుండెపోటుతో షాక్‌లోకి వెళ్లిన 600 మందిపై జర్మనీలో చేసిన పరీక్ష ఫలితం 2012లో వచ్చింది: నెల తిరిగేసరికి బెలూను పెట్టినవారిలో 39.7 శాతం, పెట్టనివారిలో 41.3 శాతం మరణించారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. నలభై ఏళ్లకు పైగా సదుద్దేశంతో చేసిన పనికి అంతకాలం సరైన కొలత లేకపోయింది. అదే పద్ధతిలో ఇంపెల్లాను డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్‌లలో పదేళ్లపాటు పరీక్షించారు. డేంజర్ షాక్ అనే ఆ పరీక్ష 2024లో వెలువడింది. ఆరు నెలల్లో మరణాలు పంపు పెట్టినవారిలో 45.8 శాతం, మామూలు చికిత్స పొందినవారిలో 58.5 శాతం. అంటే సుమారు ఎనిమిది మందికి పెడితే ఒక ప్రాణం దక్కినట్టు. చిన్న విజయం కాదు. కానీ అదే పట్టికలో ఇంకో వరుస చూడండి: తీవ్ర దుష్ఫలితాలు పంపు వర్గంలో 24 శాతం, రెండోదానిలో 6.2 శాతం. రక్తస్రావం, కాలికి రక్తం ఆగడం, డయాలసిస్ అవసరం అన్నీ పంపు వైపే ఎక్కువ. ఇందాక మనం సందుల్లో, గొట్టాల్లో చూసిన హానే ఇక్కడ శాతాలై కనిపిస్తోంది. గుండె ఆగి స్పృహ తప్పినవారిని ఆ పరీక్షలో చేర్చలేదని కూడా మరవకండి. ఎంపికలో అంత జాగ్రత్త లేనిచోట ఇదే పంపు ఇంత మేలు చేస్తుందని ఈ అంకెలతో చెప్పలేం.

రోగిని ఎంచుకునేది డాక్టరు కదా, ఇందులో ఇంజినీరు బాధ్యతేముంది అనేది రెండో ఆక్షేపణ. నాకిది కుంటిసాకులా కనిపిస్తుంది. గొట్టం లావు ఎంతో మీరు కంప్యూటరు తెర మీద తేల్చిన క్షణంలోనే ఇరుకు ధమనులున్న కొందరు ఆ చికిత్సకు దూరమయ్యారు. డాక్టరు ఎంపిక ఆ తర్వాత మొదలవుతుంది. మూడో ఆక్షేపణ ధర. లక్షలు పోసి కొని, ఒకే రోగికి వాడి పారేసే పరికరం మన జిల్లా ఆసుపత్రికి ఎప్పుడొస్తుంది? చవకగా మనమే చేసుకుందాం, ఇన్ని పరీక్షలు మనకు తలకు మించిన భారం అనేవాళ్లున్నారు. చవక చేయడాన్ని నేనూ కోరుకుంటాను. హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలామ్ కలిసి రూపొందించిన స్టెంటు ఆ కోరికలోంచి పుట్టిందే. పరీక్ష తగ్గించి చవక చేయడం మాత్రం వేరే సంగతి. తిరువనంతపురంలో డాక్టర్ వలియాథన్ బృందం చిత్ర అనే కృత్రిమ గుండె కవాటం చేసినప్పుడు మొదటి మూడు నమూనాలు పరీక్షల్లో విఫలమయ్యాయి. నాలుగోదే 1990 డిసెంబరులో మనిషి గుండెకు చేరింది. ఆ మూడింటిని ప్రయోగశాలలోనే ఆపేయడం వల్లే నాలుగోదానికి నమ్మకం దక్కింది.

మీలో కొందరు ఇలాంటి పంపులు చేసే సంస్థల్లో చేరతారు, కొందరు ఇక్కడే మొదలుపెడతారు. మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. పంపు బొమ్మ గీసిన ప్రతిసారీ దాని పక్కనే, అదే స్కేలులో, అది వెళ్లాల్సిన అతి సన్నని ధమనిని కూడా గీయండి.